రామనగరము: ఊరు విడిచిన పౌరుల సత్యాగ్రహము



సత్యాగ్రహమను మాట మొదట విన్నప్పుడు తెలుగువానికి కొంత భ్రాంతి కలుగును. తెలుగున ఆగ్రహమనగా కోపము. "ఆయనకు నాపై ఆగ్రహము వచ్చినది" అని మనము నిత్యము వాడుకొనుచున్నాము. అందువలన సత్యాగ్రహమనగా న్యాయమైన కోపమని తలచువారిని నేను పలువురను చూచితిని. సంస్కృతమున ఆ పదమునకు గట్టిపట్టు అని అర్థము కలదు. సత్యమును పట్టి విడువకుండుట సత్యాగ్రహము. గాంధీమహాత్ములు దక్షిణాఫ్రికాలో నుండగా, 1906వ సంవత్సరమున అచ్చటి భారతీయులు ఆరంభించిన ప్రతిఘటనకు దేశీయమైన పేరొకటి కావలెనని తమ పత్రికా పాఠకులను గోరిరి. వారి బంధువు మగన్‌లాల్ గాంధి 'సదాగ్రహ'మని సూచించెను. మహాత్ములు దానిని 'సత్యాగ్రహ'మని దిద్దుకొనిరి. ఈ పదచర్చ పండితుల ముచ్చట యని మీరు నవ్వవచ్చును. కాని నేడు చెప్పబోవు కథకు ఇది పనికివచ్చును. కోపమైనచో ఒక దినమున రగిలి మఱుదినమున చల్లారును. చీరాల పేరాల ప్రజల పట్టు పదునొకండు మాసములు నిలిచినది.

దండి యాత్రను గూర్చి మన బాలురకు తెలియును. బార్డోలీ పేరును వినియుందురు. 1921వ సంవత్సరమున, అనగా దండి యాత్రకు తొమ్మిదేండ్లు ముందుగా, సముద్రతీరమందలి ఒక తెలుగు పట్టణమున ప్రజలు పన్ను చెల్లించుట కిష్టములేక తమ యిండ్లకు తాళములు వైచి ఊరి వెలుపల పాకలలో కాపురముండిరన్న సంగతి పాఠ్యపుస్తకములలో రెండు పంక్తులకు మించి యుండదు. ఇట్టి పోరాటములు జనమును ఏకము చేసినవని మనము సులభముగ చెప్పుచుందుము. ఏకము చేసినది నిజమే. అది ఎట్లు చేసెను, ఆ ఐకమత్యపు వెలను ఎవరు చెల్లించిరి అనునది చూడవలసియున్నది.

చీరాల ఆనాడు గుంటూరు మండలములోనిది. 1970వ సంవత్సరమున క్రొత్తగా నేర్పడిన ఒంగోలు మండలమున చేరినది. దానికే తరువాత ప్రకాశము పేరు వచ్చినది. 2022వ సంవత్సరమునుండి బాపట్ల మండలమున నున్నది. మదరాసు నుండి బెజవాడకు పోవు రైలుదారిలోని ఊరు. ఇసుక నేల, సముద్రపు గాలి. చీరాల పేరాలలు ఒకదాని నొకటి యొరసికొనియున్న గ్రామములు. జాండ్రపేట, వీరరాఘవపేటలతో గూడ ఈ రెండును ఒక యూనియనుగా నుండెడివి. అన్నియు గలిపి సుమారు 15,000 జనసంఖ్య. వారిలో నేతగాండ్రు చాల ఎక్కువ. నూలును నూనెలో నానవైచి రంగు లద్ది నేయు చీరాల రుమాళ్ళు, తేలియా రుమాళ్ళని వానికి పేరు, అరబ్బుదేశముల వఱకు ఓడలమీద పోయెడివి. తక్కినవారు చిన్న రైతులు, వర్తకులు, కూలివారు.

యూనియనుగా నున్నప్పుడు ఊరి పన్ను ఏటికి నాలుగువేల రూపాయలు. 1919వ సంవత్సరమున మదరాసు ప్రభుత్వము ఈ గ్రామములను గలిపి పురపాలకసంఘముగ మార్చినది. అంతట పన్ను నలువదివేలకు పెరుగవలసివచ్చెను. ఒకటికి పది. పురపాలకసంఘము చెడ్డదని నేననను. వీధి దీపము, మురుగు కాలువ, పాఠశాల ఎవరికి చేదు? చిక్కు ఎచ్చట ననగా, ఆ వెలుగు కావలెనని ఊరివారు కోరలేదు, ఆ వెల నిచ్చు శక్తియు వారికి లేదు. వారు అర్జీలు పంపుకొనిరి. లాభము లేకపోయెను.

ఇందొక విడ్డూరము కలదు. 1919వ సంవత్సరపు రాజ్యాంగ సంస్కరణల చట్టము వలన కొన్ని శాఖలు భారతీయులైన మంత్రుల చేతికి వచ్చినవి. అందు పురపాలకసంఘముల పాలించు శాఖయు నొకటి. 1920వ సంవత్సరాంతమునుండి పానగల్లు రాజావారు దానికి మంత్రిగా నుండిరి. ఆ శాఖ పేరు స్థానిక స్వపరిపాలనశాఖ! ఊరివారు మాకు వలదు మొఱ్ఱో యని చెప్పుచుండగా వారి నెత్తిన రుద్దినదానికి స్వపరిపాలన యని నామకరణము. అర్థము తెలిసి పేరు పెట్టువారు ప్రభుత్వ కార్యాలయములలో అరుదని అప్పుడే తేలిపోయినది. పురపాలక సభ్యులు తమ పదవులకు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతము మీద నొక అధ్యక్షుని నియమించి పనిని సాగించినది. ప్రజలు పన్ను చెల్లింపమనిరి. 1921వ సంవత్సరము జనవరిలో పన్నిద్దఱకు శిక్షలు పడెను. వారిలో రావూరి అలివేలమ్మ యను స్త్రీ యొకతె. రాజకీయ కారణమున చెఱసాల కేగిన మొదటి ఆంధ్రవనిత ఈమె యని చెప్పుదురు. ఆమె విద్యావతియో కాదో, ఉపన్యాసము లిచ్చెనో లేదో, చరిత్రకారులు అంతగా వ్రాయలేదు. పన్ను ఇయ్యనన్నది, జైలునకు పోయినది. అంతే మనకు మిగిలిన కథ.

ఈ ప్రజలకు నాయకుడుగ నిలిచినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1889వ సంవత్సరమున కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. స్కాట్లండు దేశమున ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి ఎం. ఏ. పట్టము నందిరి. ఆనందకుమారస్వామిగారితో గలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి అనువదించిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలో అచ్చుపడినది. నాట్యశాస్త్రము నెఱిగినవాడు పన్నుల పోరాటమునకు సేనాని యగుట వింతగా తోచవచ్చును. నాకు అట్లు తోచదు. జనమును కదలించుటకు జనము పాట తెలియవలెను గదా. చాటువులకు, చమత్కారమునకు ఆయన పెట్టినది పేరు. భజనలు, దేశికళలు ఆయన సాధనములు. రామదండు అను పేర స్వచ్ఛంద సేవకుల దళమును సిద్ధపఱచిరి. 1921వ సంవత్సరము మార్చి నెలాఖరున, ఏప్రిల్ మొదటి దినమున బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు, అచ్చటికి వెల్లువగ వచ్చిన జనమును అదుపులో నుంచినది ఈ రామదండే.

ఆ సమావేశము ముగిసిన పిమ్మట ఏప్రిల్ 6వ తేదీని మహాత్ములు చీరాలకు వచ్చిరి. రెండు మార్గములు కలవని చెప్పిరి. ఊరిలోనే యుండి, పన్ను నిరాకరించి, ప్రభుత్వము చేయు జప్తులను, జైలు శిక్షలను శాంతముగ సహించుట యొకటి. పురపాలకసంఘపు ఎల్లలు దాటి వెడలిపోవుట రెండవది. ఎల్ల దాటిన వానిపై ఆ పన్ను వేయుటకు చట్టము నకు చేతులు చాలవు.

ఈ రెండవది మహాత్ములు క్రొత్తగ కనిపెట్టినది కాదు. పన్నుల బాధ కోర్వలేక రైతులు గ్రామములు విడిచిపోవుటయు, పాలకులు పన్ను తగ్గించి వారిని మరల పిలిపించుకొనుటయు మన పూర్వశాసనములలో కనబడును. ప్రజలే లేనిచోట రాజేమి చేయును? ఆయుధము లేనివాని చేతిలో నుండిన ప్రాచీనమైన ఆయుధమిది. అయితే పూర్వపు వలస దూరదేశమునకు పోవుట. చీరాలవారి వలస కనుచూపు మేరలోనే. తమ యింటి కప్పు కనబడుచుండగా ఆ యింటికి పోకుండుట. నాకు ఇది ఎక్కువ కష్టమని తోచును.

ఆ వేసవిలోనే జనులు కదలిరి. అందఱును కదలిరనుట అతిశయోక్తి యగును. కొందఱు ఊరిలోనే నిలిచిరి. కాని అత్యధికులు వెడలిపోయిరి. ఎండలు మండు దినములు. ఊరి వెలుపల పాకలు లేచినవి. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టిరి. శ్రీరాముడు అరణ్యమునకు బయలుదేఱినప్పుడు అయోధ్యాపురజనులు వెంట నడచి తమసాతీరము వఱకు పోయిన ఘట్టము ఈ పేరు వినగానే స్ఫురించును. అచ్చట జనులు నిద్రించుచుండగా రాముడు వారిని విడిచి సాగిపోయెను. వారు మేలుకొని, దారి కానక, ఊరికి మరలి వచ్చిరి. చీరాల జనులు తమసాతీరమున ఆగలేదు. మొత్తము కాపురమే అరణ్యమునకు తరలించిరి.

కాపురము తరలించుట యనగా ఏమో పట్టణవాసులకు వివరింపవలెను. గుంటమగ్గము మంచమువలె ఎత్తుకొని పోవు వస్తువు కాదు. దానికి నేలలో గోయి త్రవ్వవలెను. నేతగాడు గోతిలో కాళ్ళుంచి త్రొక్కుడుకఱ్ఱలు త్రొక్కుచు నేయును. గోడ గట్టిగ నుండవలెను, నేల కూలిపోరాదు. ఇసుక నేలలో గోయి నిలుపుట ఎంత పనియో ఊహించుకొనుడు. పడుగు సాగదీయుటకు పొడవైన వీధి, చెట్ల నీడ కావలెను. గంజిపెట్టిన పడుగు ఆరునంతలో వాన వచ్చెనా, దినముల పని నీటిపాలు. ఇంటిలోని పిల్ల కండెలు చుట్టవలెను, ముసలమ్మ ఆసు పోయవలెను. అందఱును చేయుదురు గనుకనే ఆ పూట కూడు. అట్టి యింటివాడు పాకలోనికి పోయినాడనగా తన వృత్తిలో సగము పోగొట్టుకొని పోయినాడని యర్థము. కూలివాని గతి యింకను కనాకష్టము. ఏనాటి కూలి ఆనాటి గంజికే చాలదు.

కావున ఇల్లు విడుచుట పైకి అందఱకును సమానముగ కనబడినను సమానము కాదు. మేడ గలవాడు మేడను విడిచెను. అతని పెట్టెలోని రూపాయలు అతనితోనే వచ్చినవి. పూరిల్లు గలవాడు పూరిల్లుతోబాటు దాని ముందఱి వీధిని, అరువిచ్చు అంగడిని, పని చెప్పు వాకిళ్ళను విడిచెను. తక్కువ గలవారే ఎక్కువ ఇచ్చిరి. సత్యాగ్రహ కథలను చెప్పునప్పుడు నాయకుల త్యాగమును మాత్రమే కీర్తించు అలవాటు మనకు కలదు. గోపాలకృష్ణయ్యగారి త్యాగము గొప్పదే. గోతిలో కాళ్ళుంచి నేసెడివాని త్యాగమును దాని ప్రక్కన పెట్టి చూడవలెను.

మఱి ఏకత యెట్లు కలిగెను? ఆయుధములతో యుద్ధము చేయవలసివచ్చెనేని ఆ 15,000 మందిలో కత్తి పట్టగలవా రెందఱు? పడుచువారు కొన్నివందలు. తక్కినవారు ఇంట కూర్చుండి వార్తలకై ఎదురుచూచువారు. ఈ పోరాటమున అట్లు కాదు. పాకలో కూర్చున్న ముసలమ్మయు యోధురాలే. ఆమె ఊరిలోనికి పోకుండుటయే ఆమె చేయు యుద్ధము. చంటిపిల్లతల్లికి నొక పని యుండెను, కుంటివానికి నుండెను. ఎవరును అక్కఱలేనివారు కారు. ఇంత మందికి ఒకే కాలమున ఒకే పనిలో పాలుండుట మన గ్రామముల చరిత్రలో పండుగనాడు తప్ప ఎప్పుడు జరిగినది? పండుగనాడు సయితము అందఱకును ఒకే స్థానము లేదని మీరెఱుగుదురు.

ఇంకొక సంగతి. పన్ను నిరాకరించినవాని ఇత్తడిబిందెను జప్తు చేసి వేలము వేయుదురు. ప్రక్కయింటివాడు పాటలో నొక మాట పలికెనా, పోరాట మక్కడితో సరి. ఎవడును పాట పాడకున్నచో బంట్రోతు ఆ బిందెను మోసికొని ఎచ్చటికి పోవును? కాబట్టి ఈ పద్ధతిలో ఐకమత్యము అలంకారము కాదు, ప్రాణాధారము. పొరుగువాడు సహింపవలెను, పైగా ఆ పొరుగువాడు తన కులమువాడు కాకపోవచ్చును, తనతో మాటలే లేనివాడు కావచ్చును. అతని ఓర్పుపై తన బిందె ఆధారపడియున్నది. ఇట్లు ఒకరి మానము ఒకరి చేతిలో నుండుటచే జనులు దగ్గఱయిరి. ఉపన్యాసములు విని దగ్గఱయిరని నేను నమ్మను.

రామనగరపు వ్యవహారములు చూచుకొనుటకు వివిధ కులముల ప్రతినిధులతో పంచాయతి యేర్పడినది. తగవులను తామే తీర్చుకొనిరి. ఉదయమున భజనలు సాగెడివి. దీనిని జూచి కులభేదములు రామనగరమున మాసిపోయినవని వ్రాసినవారు కలరు. అది ఆశపడినవారి మాట. కులములవారీగ ప్రతినిధులు కూర్చుండిరనగా కులములు ఉన్నవనియే గదా. కాని ఒకే చాపపై కూర్చుండిరి. ఒకరి మాట యొకరు వినవలసివచ్చినది. ఆ రోజులలో అది చిన్న సంగతి కాదు. భేదము పోవుట వేఱు, భేదము గలవారు గూడి ఒక పని నడపుట వేఱు. రామనగరమున జరిగినది రెండవది. మొదటిది నేటికిని మన చేతిలోని పనియే.

వేసవి పోయినది, వానలు వచ్చినవి, చలి వచ్చినది. గుడ్డిదీపముల పాకలు. ప్రభుత్వము చలింపలేదు. ప్రజలును చేయి ఎత్తలేదు. ఒక్క రాయి పడినను పోలీసులకు కావలసిన నెపము దొరకెడిదని వారెఱుగుదురు. చేతిసొమ్ము కరగిపోయెను. రామనగరమునకై విరాళములు సేకరించుటకు గోపాలకృష్ణయ్యగారు ఊరూరను తిరిగిరి. నేడు ఒడిస్సాలో నున్న బరంపురము ఆనాడు మదరాసు రాజధానిలోనిదే. అచ్చట ఉపన్యసింపరాదన్న ఉత్తరువును మీఱి సభలో మాటలాడినందులకు వారిని పట్టుకొని ఒక సంవత్సరము శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలునకు పంపిరి. తమసాతీరమున రాముడు జనులను వదలిపోయెను. ఇచ్చట జనులు నిలిచియుండగా నాయకుని ఎత్తుకొనిపోయిరి. అటుపిమ్మటను రామనగరము కొన్ని మాసములు నిలిచినది. 1922వ సంవత్సరము తొలిమాసములలో, ఆకలికి తాళలేక, జనులు ఊరికి మరలిరి. ప్రభుత్వము తన యుత్తరువును ఉపసంహరించుకొనలేదు.

నేను ఉపాధ్యాయుడుగ నున్నకాలమున ఈ పాఠము చెప్పినప్పుడెల్ల ఎవడో ఒక కుఱ్ఱవాడు లేచి "అయితే పన్ను తగ్గినదా, మాస్టారూ?" అని యడిగెడివాడు. తగ్గలేదని చెప్పుచుంటిని. "అయితే ఓడిపోయినారా?" అని రెండవ ప్రశ్న వచ్చెడిది. ఓడిపోయినారనియే చెప్పెడివాడను. దానిని గెలుపుగా మార్చి చెప్పుటకు నాకు మనసొప్పలేదు. పదునొకండు మాసములు పస్తులున్నవారిని ఊరడింపు మాటలతో గౌరవింపజాలము. తక్కిన కథ కూడ వినుమని మాత్రము ఆ కుఱ్ఱవానిని కూర్చుండ బెట్టెడివాడను.

తక్కిన కథ యేమనగా, రామనగరము నిలిచియున్న కాలముననే ఆ గుంటూరు మండలమందే పెదనందిపాడు ప్రాంతమున రైతులు భూమిశిస్తును నిలిపివేసిరి. 1922వ సంవత్సరము జనవరి, ఫిబ్రవరి మాసముల సంగతి. పర్వతనేని వీరయ్యచౌదరిగారు నాయకులు. శాంతిసేన యను పేర సేవకుల దళమొకటి బయలుదేఱినది. కరణములు, మునసబులు పదవులు విడిచిరి. తరతరములుగ సర్కారుకు చెవులును కన్నులును అయినవారు వారే. వారు విడుచుటతో శిస్తు లెక్క చూపువాడే లేకపోయెను. జప్తుచేసిన పశువులకు కొనువారు దొరకలేదు. సైనికులు గ్రామముల గుండ కవాతు చేసిరి. పల్నాటిసీమలో అడవిలో పశువుల మేపుటకు వేసిన పుల్లరిపై జనులు తిరుగబడిరి. అచ్చటి నాయకుడు కన్నెగంటి హనుమంతు ఆ 1922వ సంవత్సరముననే కాల్పులలో ప్రాణములు విడిచెను. చీరాల నేతగాండ్రు, పెదనందిపాటి రైతులు, పల్నాటి పశువుల కాపరులు: ఒకరి పన్ను మఱియొకరికి తెలియదు. ఇంటిపన్ను వేఱు, శిస్తు వేఱు, పుల్లరి వేఱు. ఇయ్యమను మాట మాత్రము ఒకటైనది.

1922 ఫిబ్రవరి 4వ తేదీని ఉత్తరదేశమున చౌరీచౌరాలో జనసమూహము పోలీసుఠాణాకు నిప్పుపెట్టి అందలి పోలీసులను దహించివేసినది. మహాత్ములు ఉద్యమమును నిలిపివేసిరి. పెదనందిపాటి రైతులు శిస్తు చెల్లించివేసిరి. ఎచ్చటి తప్పునకో ఎచ్చటివారో శిక్ష అనుభవించిరని అప్పుడు కోపగించినవారు కలరు. వారి కోపమున న్యాయము లేదని నేను చెప్పజాలను. అయితే ఐకమత్యమునకు ఇదియు నొక లక్షణము: ఒకచోటి నేత, ఒకచోటి శిస్తు, ఒకచోటి నెత్తురు అన్నియు ఒకే లెక్కలో చేరినవి. గోరఖపురపు పొరపాటు గుంటూరు రైతుకు తగిలినదనగా, అప్పటికే వారిద్దఱును ఒకే దేశమువారైరి.

గోపాలకృష్ణయ్యగారు 1928వ సంవత్సరము జూన్ 10వ తేదీని, ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయముననే దివంగతులైరి. ఆంధ్రరత్నమని ప్రజలు వారిని పిలుచుకొనిరి. రెండేండ్ల తరువాత, 1930వ సంవత్సరమున, ఆంధ్రతీరమంతట జనులు కడవలు పట్టుకొని ఉప్పునీరు కాచుటకు సముద్రమునకు నడచునప్పుడు చూచుటకు వారు లేరు. తొమ్మిదేండ్ల క్రిందట పాకలలోని పిల్లలు అప్పటికి పడుచువారైరి.